పచ్చి తిండి పద్దు

రాత్రి పదకొండు గంటలకు మా అమ్మాయి వంటింట్లో లైటు వేసి, డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి చూస్తోంది. ఏం కావాలని అడిగితే "ఆకలేస్తోందమ్మా" అంది. గంటన్నర కిందటే పెద్ద గిన్నెడు కీర దోస, క్యారెట్, టమాటా ముక్కలు, పైన గుప్పెడు దానిమ్మ గింజలు తిని పడుకున్న పిల్ల!

అప్పటికి నెల రోజులుగా మా ఇంట్లో పొయ్యి పని సగానికి తగ్గింది. పొద్దున మొలకలు, పండ్లు. మధ్యాహ్నం ఒక్క పూట అన్నం, కూర. రాత్రి మళ్లీ పచ్చి కూరగాయల ముక్కలే. కొన్నవన్నీ ఆర్గానిక్ సరుకే. మర్నాడు పద్దు పుస్తకం తీసి కూడితే, ఆ నెల వెచ్చాల ఖర్చు అంతకు ముందు నెలకు దాదాపు రెట్టింపు తేలింది. ఖర్చు రెట్టింపు, ఇంట్లో ఆకలి. రెండూ ఒకే పద్దులో ఎలా ఇమిడాయో తేల్చుకోకుండా ఇంకో చీటీ రాయబుద్ధి కాలేదు. అలా మొదలైన లెక్క ఇది.

పచ్చి తిండి మీద నాకు వ్యతిరేకత లేదు. అసలు మనకది కొత్తా కాదు. శ్రీరామనవమికి వడపప్పు, పానకం చేస్తాం. శ్రావణ మాసంలో వాయనం ఇచ్చేది నానబెట్టిన శనగలే. తెలంగాణ ఇళ్లలో పచ్చి పులుసు, ఆంధ్రలో దోసకాయ పచ్చి పచ్చడి, ఎండాకాలం తాటి ముంజలు, పచ్చి చలిమిడి, వీటిలో ఏదీ ఉడికేది కాదు. ఆ తర్వాత ప్రకృతి వైద్యులు మంతెన సత్యనారాయణరాజు గారి మాటలు విని ఉప్పు, నూనె తగ్గించి మొలకలకు, రసాలకు మారిన ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో వీధికి ఒకటి ఉంటాయి. నా బాధల్లా ఒకటే. ఈ మార్పు చాలా ఇళ్లలో రెండు మూడు నెలలకే ఆగిపోతుంది. "డబ్బు సరిపోవడం లేదు" అంటారు. డబ్బు ఎక్కడ జారిపోతోందో తెలిస్తే ఆగాల్సిన పని ఉండదు.

నీళ్లకు కట్టిన ధర

కీర దోసకాయలో నూటికి 95 పాళ్లు నీళ్లే. టమాటాలోనూ దాదాపు అంతే. వంద గ్రాముల కీరలో ఉండే శక్తి 15, 16 కేలరీలు, టమాటాలో 20 దాకా. రోజంతటికీ 2000 కేలరీలు కావలసిన మనిషి టమాటాలతోనే గడపాలంటే 10 కిలోలు తినాలి. అన్నిటినీ కలగలిపి, వంద గ్రాములకు సగటున 50 కేలరీలు వచ్చేలా పండ్లూ కూరలూ పేర్చుకున్నా తినే భాగమే 4 కిలోలు కావాలి. కడుపు అంత పట్టదు. పట్టేంత తిని, నిండిందనుకుని పడుకుంటాం. అందుకే రాత్రి పదకొండుకు డబ్బాల మూతలు తీయడం.

అందుకని నా పద్దులో కిలో ధర పక్కన ఇంకో గడి గీశాను. వంద కేలరీల ధర ఎంత అన్నది అందులో రాస్తాను. ధరలు ఊరిని బట్టి, వారాన్ని బట్టి మారతాయి. ఇక్కడ నేను వేసే అంకెలు లెక్క చూపించడానికే, మీ ఊరి ధర మీరు వేసుకోండి. కీర కిలో 40 రూపాయలు అనుకుంటే వంద కేలరీలకు 650 గ్రాములు కావాలి, అంటే 26 రూపాయలు. ఆపిల్ కిలో 200 అయితే దాదాపు 38. బాదం కిలో 900 అయితే 15. అరటిపండు కిలో 50 అనుకుంటే తొక్కతో కలిపి 140 గ్రాములు, 7 రూపాయలు. పెసలు కిలో 180 అయితే అయిదున్నర. పావుకిలో కొబ్బరి వచ్చే కాయ 40 రూపాయలైతే 4. పల్లీలు కిలో 180 అయినా మూడు రూపాయల చిల్లరే. ఆర్గానిక్ దంపుడు బియ్యం కిలో 90 పెట్టి కొన్నా వంద కేలరీలకు రెండున్నర రూపాయలు దాటదు.

ఈ వరుస చూశాక మా ఇంట్లో జరిగిన పొరపాటు నాకు అర్థమైంది. ఆకలి తీర్చే పనిని ఆపిల్‌కు, కీరకు అప్పగించాం. ఆ పని పల్లీలు, కొబ్బరి, అరటిపండు, నానిన పప్పులు చేయాలి. కీరను కొనేది శక్తి కోసం కాదు. నీరు, పీచు, పొటాషియం, నోటికి చల్లదనం, వీటి కోసం కొంటాం. అందుకే ఇప్పుడు వెచ్చాల చీటీని రెండుగా చీల్చి రాస్తాను. ఒకటి ఆకలి పద్దు, రెండోది రక్షణ పద్దు. ఆకలి పద్దులో సరుకును కేలరీతో, మాంసకృత్తులతో తూస్తాను. రక్షణ పద్దులో విటమిన్లతో, పీచుతో తూస్తాను. ఒక పద్దులోని సరుకును ఇంకో పద్దు కాటాలో వేస్తే రెండూ ఖరీదైనవిగానే కనిపిస్తాయి.

రక్షణ పద్దులోనూ ఇదే లెక్క పనికొస్తుంది. విటమిన్ సి కోసం విదేశాల నుంచి వచ్చిన కివీ పండు కొంటున్నాం. వంద గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైనే విటమిన్ సి ఉంటుంది. కివీలో అందులో సగం కూడా ఉండదు, నారింజలో నాలుగో వంతు. చలికాలంలో రైతు బజారులో జామ కిలో ధర చూసి, కివీ ఒక్క పండు ధర చూస్తే ఇక చెప్పేదేముంది?

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల పళ్లెం ఒకటి చూపించారు. అందులో కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. బరువు చూస్తే పళ్లెంలో దాదాపు సగం అవే. శక్తి చూస్తే పదో వంతుకు కాస్త అటూ ఇటూ. మిగతా శక్తంతా ధాన్యాలు, పప్పులు, గింజలు, పాలు, నూనె మోస్తాయి. పచ్చి తిండికి మారిన ఇంట్లో ఆ తొమ్మిది వంతుల శక్తి ఎక్కడి నుంచి రావాలో ముందుగా తేల్చుకోవాలి.

తూకం దగ్గర ఇంకో మోసం ఉంది, అది ఎవరూ చేసేది కాదు. అదే సంస్థ నుంచి వచ్చిన, సి.గోపాలన్ తదితరులు కూర్చిన పాత పోషక విలువల పుస్తకంలో ప్రతి పదార్థం పక్కన 'తినే భాగం' అనే గడి ఉండేది. అందులో సీతాఫలానికి సుమారు 45 శాతం, అరటికి 70 చిల్లర, బొప్పాయికి 75, జామకు నూరు. కిలో 100 రూపాయలకు సీతాఫలాలు కొంటే మనం తినే గుజ్జు కిలో 220 పడినట్టు. వండే ఇంట్లో ఈ తేడా అంత తెలియదు. ముల్లంగి ఆకు కూరలోకి పోతుంది, బీరకాయ తొక్క పచ్చడవుతుంది, దోస గింజలు పప్పులో పడతాయి. పచ్చిగా తినే ఇంట్లో అవన్నీ చెత్తబుట్టలోకే. పొయ్యి మూసేసినప్పుడు తొక్కు పచ్చడి కూడా పోతుందని నాకు ఆ నెలలోనే తెలిసింది.

రాజమండ్రి నుంచి వచ్చిన పచ్చి తిండి

ఈ లెక్కను మనకంటే ముందు వేసి చూసిన మనిషి ఒకరున్నారు. 1929లో గాంధీజీ ఆంధ్రదేశంలో పర్యటిస్తూ రాజమండ్రిలో ప్రకృతి చికిత్సాలయం నడిపే సుందరం గోపాలరావు గారిని కలిశారు. నిప్పు తగలని ఆహారం గురించి ఆయన చెప్పింది విని ఆ వేసవిలోనే ప్రయోగం మొదలుపెట్టారు. జూన్‌లో 'యంగ్ ఇండియా' పత్రికలో తన దినవెచ్చం కూడా రాశారు. మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, ముద్దగా నూరిన బాదం 8 తులాలు, నూరిన పచ్చి ఆకు 8 తులాలు, నిమ్మకాయలు ఆరు, తేనె రెండు ఔన్సులు. వారంలో రెండు మూడు రోజులు గోధుమల బదులు మొలకెత్తిన శనగలు. ఆ రోజుల్లో బాదం బదులు కొబ్బరి పాలు. ఈ తిండి నిలబడితే వంటింటి చాకిరీ నుంచి ఆడవాళ్లకు విడుదల దొరుకుతుందన్న ఆశ ఆయనకు ఉండింది.

8 తులాలంటే మన కొలతలో 93 గ్రాములు. ఆ చీటీని నా పద్దులో వేసి చూశాను. అంతా కలిపి 1000, 1100 కేలరీలు దాటదు. అందులో సగం ఒక్క బాదం నుంచే, అంటే చీటీలో అన్నిటికంటే ఖరీదైన సరుకు నుంచి వస్తోంది. ఆ ఏడాది ఆగస్టులో జిగట విరేచనాలు పట్టుకుని గాంధీజీ ప్రయోగం ఆపేశారు. ఏం తిన్నదీ, ఎంత తిన్నదీ, ఎందుకు మానిందీ దాచకుండా చెప్పిన ఆ నిజాయతీ వల్లే దాదాపు వందేళ్ల తర్వాత మనం కూర్చుని లెక్క చూసుకోగలుగుతున్నాం.

పొయ్యి విలువ

వండటం వల్ల పోషకాలు పోతాయన్నది సగం నిజం. ఆ సగం ముందు చెబుతాను. విటమిన్ సి వేడికి తట్టుకోదు, నీళ్లలో కరిగిపోతుంది. ఉడికించి నీళ్లు వంచేస్తే ఫోలేట్ కూడా చాలావరకు ఆ నీళ్లతో పోతుంది. అందుకే జామ, ఉసిరి, నిమ్మ, క్యాప్సికం, కొత్తిమీర పచ్చిగా తినడమే డబ్బుకు న్యాయం.

ఇక రెండో సగం. బియ్యపు గింజలో, గోధుమలో, బంగాళాదుంపలో పిండి పదార్థం గట్టిగా అల్లుకున్న చిన్న రేణువులుగా ఉంటుంది. మన లాలాజలంలో, పేగుల్లో ఉండే ఎంజైములు ఆ అల్లికలోకి సులువుగా దూరలేవు. నీళ్లూ వేడీ తగిలితే రేణువు ఉబ్బి, అల్లిక విడిపోయి జిగురవుతుంది. గంజి చిక్కబడటం అంటే ఇదే. అప్పుడు ఎంజైములకు దారి దొరుకుతుంది. మనిషి మెదడు పెరగడానికి ఈ వంటే దోహదం చేసిందని రిచర్డ్ రాంగమ్ 2009లో 'క్యాచింగ్ ఫైర్' అనే పుస్తకమే రాశారు. మాంసకృత్తుల సంగతీ అంతే. బెల్జియంలో 1998లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఉడికించిన గుడ్డు మాంసకృత్తుల్లో 91 శాతం వరకు ఒంటికి పడితే, పచ్చి గుడ్డువి 51 శాతమే పట్టాయి. పద్దు భాషలో చెప్పాలంటే పచ్చి గుడ్డు తినే మనిషి రెండు గుడ్లు కొని ఒకటి తిన్నట్టు.

టమాటాలో లైకోపీన్, క్యారెట్‌లో బీటా కెరోటిన్ కణాల గోడల మధ్య బిగుసుకుని ఉంటాయి. కాస్త మగ్గించి, చెంచాడు నూనె వేస్తే ఒంటికి బాగా అందుతాయి. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. ఉడికించి నీళ్లు వంచితే కొంత పోతాయి. పచ్చి పాలకూర రసం గ్లాసులకు గ్లాసులు తాగడం నాకు నచ్చనిది అందుకే. రాజ్మా మాత్రం పచ్చిగా గానీ, మొలకెత్తించి గానీ ఎప్పుడూ తినకూడదు. దానిలోని లెక్టిన్ వాంతులు, విరేచనాలు తెస్తుంది. బాగా మరిగించి ఉడికిస్తేనే అది నశిస్తుంది. కర్రపెండలంలో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది, దాన్నీ వండాల్సిందే.

పొయ్యి మానేస్తే గ్యాసు మిగులుతుంది కదా అంటారు. మిగులుతుంది. నెలకో సిలిండర్ కాలే ఇంట్లో వంట సగం తగ్గితే అర సిలిండర్, అంటే నాలుగైదు వందలు. ఆపిల్, బాదం కొన్న వారంలోనే అది హరించుకుపోతుంది. కాబట్టి నా తీర్పు ఇది: పూర్తిగా పచ్చి తిండి ఉద్యోగస్తుల ఇంటి బడ్జెట్‌కు ఆగదు, ఒంటికీ చాలదు. ఎక్కువ భాగం పచ్చిది, ఒక పూట అన్నమో సంగటో పప్పుతో, ఒక గిన్నె పెరుగు. ఇది నిలబడుతుంది. పెరుగు ఎందుకంటే విటమిన్ బి12 మొక్కల్లో దొరకదు. ఎంత సేంద్రియంగా పండించినా దొరకదు.

ఆర్గానిక్ డబ్బు ఎక్కడ పెట్టాలి

ఆర్గానిక్ కూరలో పోషకాలు ఎక్కువా? 2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, విటమిన్లలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. 2014లో న్యూకాసిల్ బృందం ఇంకా ఎక్కువ అధ్యయనాలు చూసి, యాంటీ ఆక్సిడెంట్లు కొంత ఎక్కువ, కాడ్మియం తక్కువ అని తేల్చింది. పురుగుమందుల అవశేషాలు మాత్రం తక్కువని రెండు బృందాలూ ఒప్పుకున్నాయి. అంటే మనం అదనంగా ఇచ్చే డబ్బు ప్రధానంగా విషం తగ్గినందుకు. మన పళ్లెంలోనే కాదు, మందు కొట్టే కూలి ఊపిరితిత్తుల్లో కూడా. ఆ రెండో కారణం నాకు మొదటిదానికంటే తక్కువది కాదు. ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనెబావి గ్రామం 2006లో ఊరు ఊరంతా రసాయనాలు మానేసినట్టు ప్రకటించుకుంది. అలాంటి ఊరి బియ్యానికి పది రూపాయలు ఎక్కువ ఇచ్చామంటే దానం చేసినట్టు కాదు.

అయినా అన్నీ ఆర్గానిక్ కొనే స్తోమత అందరికీ ఉండదు, మాకూ లేదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు శాతం చూడటం. కొత్తిమీర కట్ట 10 బదులు 20 అంటే నూరు శాతం ఎక్కువని వదిలేస్తాం. బియ్యం కిలోకు 40 ఎక్కువంటే పర్వాలేదనుకుంటాం. నెల మొత్తానికి వేయండి. కొత్తిమీర పన్నెండు కట్టలకు 120 రూపాయలు అదనం. బియ్యం 20 కిలోలకు 800. అదే సమయంలో ఏది ఎలా తింటున్నామో చూడండి. కొత్తిమీర పచ్చిగా, ఆకు ఆకంతా తింటాం. తెల్ల బియ్యం పాలిష్ పట్టి, కడిగి, ఉడికించి తింటాం. ధాన్యంలో అవశేషాలు ఎక్కువగా ఉండేది తవుడు పొరలోనే కాబట్టి పాలిష్‌తోనే చాలావరకు పోతాయి. దంపుడు బియ్యం తినే ఇల్లయితే లెక్క మారుతుంది, అప్పుడు బియ్యానికీ ఆ డబ్బు పెట్టాలి.

కాబట్టి మా వరుస ఇలా తేలింది. మొదటి రూపాయి పచ్చిగా తినే ఆకులకు: కొత్తిమీర, పుదీనా, కరివేపాకు. మన దేశపు కరివేపాకు మీద యూరప్ వాళ్లు పురుగుమందుల కోసం ప్రత్యేక తనిఖీలు పెట్టారంటే దాని పరిస్థితి ఊహించుకోవచ్చు. కరివేపాకు చెట్టు ఒక్కటి కుండీలో ఉంటే ఆ ఖర్చే లేదు. తర్వాతి రూపాయి తొక్కతో తినేవాటికి: పచ్చిమిర్చి, టమాటా, క్యాప్సికం, ద్రాక్ష, జామ. ఆ తర్వాత మొలకలకు వాడే పెసలు, శనగలు, అలసందలు. అరటి, కొబ్బరి, పుచ్చకాయ, అనాస మామూలు బజారులోనే కొంటాం, మందమైన తొక్క కొంతైనా అడ్డు నిలుస్తుంది. మామూలువి కొన్నప్పుడు వంటసోడా నీళ్లలో పావుగంట నానబెట్టి కడుగుతాను. లీటరు నీళ్లకు రెండు చెంచాలు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో 2017లో ఆపిల్స్ మీద చేసిన పరీక్షలో ఈ పద్ధతి పైనున్న మందును మామూలు నీళ్లకంటే బాగా వదిలించింది. లోపలికి ఇంకిన మందును ఏ నీళ్లూ కడగలేవు.

సేంద్రియానికి ఖర్చు తక్కువంటారే, మరి ధర ఎందుకు ఎక్కువ అని చాలామంది అడుగుతారు. ఎరువుల, మందుల ఖర్చు తగ్గే మాట నిజం. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలై, 2024లో గుల్బెంకియన్ బహుమతిని పంచుకున్న సామాజిక ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నిలబడింది కూడా ఆ పొదుపు మీదే. ప్రపంచమంతటి పొలాల లెక్కలు కలిపి 2014లో బర్క్‌లీ పరిశోధకులు చూసినప్పుడు సేంద్రియ దిగుబడి సగటున 19 శాతం తక్కువ తేలింది. దానికి తోడు చిన్న చిన్న లాట్లు. నాలుగు కట్టల తోటకూరకు, పది కిలోల వంకాయలకు ఒక ఆటో రావాలి. అమ్ముడుపోక వాడిపోయిన సరుకు ధర కూడా అమ్ముడుపోయిన కట్ట మీదే పడుతుంది. అందుకే ముందుగా చెప్పి కొనడం రైతుకూ మనకూ లాభం. మా అపార్ట్‌మెంట్‌లో ఆరు కుటుంబాలం కలిసి గురువారం రాత్రికి చీటీ పంపుతాం, ఆదివారం పొద్దున సరుకు వస్తుంది. వాడిపోయే భయం లేదు కాబట్టి ఆ రైతు దుకాణం ధరకంటే తక్కువకే ఇస్తున్నాడు.

దుకాణంలో కొనేటప్పుడు పొట్లం మీద ఆకుపచ్చ రంగు, 'నేచురల్' అన్న మాట చూసి మోసపోవద్దు. నేనూ ఒక దుకాణంలో ఆరు నెలల పాటు ఆ మాటను నమ్మి కొన్నాను. ధ్రువపత్రం అడిగితే చూపించలేకపోయారు. పొట్లం మీద 'జైవిక్ భారత్' ముద్ర ఉందో లేదో చూడండి. దాని వెనక జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం (ఎన్‌పీవోపీ) ధ్రువీకరణ అయినా, రైతులే ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి అయినా ఉండాలి. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలుండి, నేరుగా వినియోగదారుడికి అమ్మే చిన్న రైతుకు ఈ ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. అలాంటి రైతును ముద్ర అడగడం అన్యాయం. పొలం చూపించమని అడగవచ్చు. దాచేదేమీ లేని రైతు సంతోషంగా చూపిస్తాడు.

గుప్పెడు పెసలు

పచ్చి తిండి బడ్జెట్‌లో నేను ఎక్కువగా నమ్ముకున్నది మొలకలను. 50 గ్రాముల పెసలు కిలో 180 లెక్కన 9 రూపాయలు. అందులో మాంసకృత్తులు 12 గ్రాములు. నానబెట్టి, గుడ్డలో కట్టి, మొలక కొన తెల్లగా బయటికి వచ్చేసరికి ఆ గుప్పెడు రెండింతలకు పైగా పెరుగుతుంది. అయితే పెరిగింది నీటి బరువు, మాంసకృత్తులు పెరగలేదు. దుకాణంలో 200 గ్రాముల మొలకల పొట్లం కొన్నప్పుడు మనం మళ్లీ నీళ్లకే ధర కడుతున్నాం. ఎండు పెసలు కొని ఇంట్లో కట్టుకోవడం ఎంత నయమో ఒక్కసారి మీ ఊరి ధరలతో వేసి చూడండి.

నీరు తగిలాక గింజ లోపల నిజంగా జరిగేది వేరే ఉంది. ఎండు గింజలో లేని విటమిన్ సి పుడుతుంది. ఇనుమునూ జింకునూ పట్టి ఉంచే ఫైటేటును గింజలోని ఎంజైమే విడగొట్టడం మొదలుపెడుతుంది. కడుపు ఉబ్బరం తెచ్చే చక్కెరలు తగ్గుతాయి. పైన నిమ్మకాయ పిండితే ఆ విటమిన్ సి మొలకల్లోని ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. వడపప్పులో మామిడి తురుమో, నిమ్మరసమో కలిపిన మన పెద్దవాళ్లు రుచి కోసమే కలిపి ఉండవచ్చు. ఒంటికి మాత్రం దానివల్ల మేలే జరిగింది.

ఇక్కడ హెచ్చరిక గట్టిగా చెప్పాలి. మొలకకు కావలసిన తడి, వెచ్చదనం రెండూ సూక్ష్మజీవులకూ కావాలి. 2011లో జర్మనీలో ప్రమాదకరమైన ఇ.కోలి బాక్టీరియా వ్యాపించి దాదాపు నాలుగు వేల మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. వెతికితే జాడ ఒక ఆర్గానిక్ పొలంలో పెంచిన మెంతి మొలకల దగ్గరికి చేరింది. విత్తనాలు ఈజిప్టు నుంచి వచ్చినవి. ఆ జబ్బు ఆర్గానిక్ కాబట్టి రాలేదు, ఆర్గానిక్ కాబట్టి ఆగనూ లేదు. తాగే నీళ్లతోనే నానబెట్టండి. పూటకోసారి కడిగి వంచండి. మొలక రాగానే ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో ముగించండి. ముసలివాళ్లకు, పసిపిల్లలకు, గర్భిణులకు ఆవిరి మీద ఉడికించి పెట్టండి. విత్తనాల దుకాణంలో కొన్న గింజలు మొలకలకు వాడవద్దు, వాటికి శిలీంద్రనాశని పట్టించి ఉంటారు.

మిగతా పొదుపు నిల్వలో ఉంది. కోసిన ఆకు కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ ఊపిరి వేగం దాదాపు రెట్టింపు, దానితోపాటు ఆకు వాడటమూ. తెచ్చిన వెంటనే వేర్లు కోసి, తడి గుడ్డలో చుట్టి పెడితే నాలుగు రోజులు నిలుస్తుంది. పండే అరటి, బొప్పాయి, మామిడి పక్కన ఆకుకూర పెట్టవద్దు, ఆ పండ్ల నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు ఆకును పసుపు చేస్తుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో రెండు వరసల ఇటుకల మధ్య తడి ఇసుక పోసి కట్టే పూసా చల్లని గది పనిచేస్తుంది. రాయలసీమ, తెలంగాణ పొడి ఎండల్లో బాగా, కోస్తా ఉక్కపోతలో అంతంత మాత్రంగా.

మూడో పద్దు

ఆకలి పద్దు, రక్షణ పద్దు సర్దుకున్నాక మా చీటీ పాత ఖర్చుకంటే అయిదో వంతు మాత్రమే ఎక్కువ నిలిచింది. అమ్మాయి రాత్రి లేవడం మానేసింది. అప్పుడు ఇంకో సంగతి నా కంట పడింది. బాదం, ఖర్జూరం పిల్ల డబ్బాలోకి వెళుతున్నాయి. పల్లీలు, కొబ్బరి మామయ్యగారికి, మావారికి. ఖరీదైనవీ బలమైనవీ వడ్డించేశాక నా గిన్నెలో మిగిలేది కీర, క్యారెట్ ముక్కలు. మనిషికి 2000 కేలరీల చొప్పున ఇంటి లెక్క సరిపోయింది, నా దగ్గర సరిపోలేదు.

ఇది నా ఒక్కదాని సంగతి కాదు. పూర్తిగా పచ్చి తిండి తినేవారిని 1990లలో జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయం పరిశీలించినప్పుడు, 45 ఏళ్ల లోపు ఆడవాళ్లలో 30 శాతం మందికి నెలసరి పూర్తిగానో కొంతగానో ఆగిపోయింది. ఒంట్లో శక్తి చాలనప్పుడు శరీరం ముందుగా ఆపేసేది దాన్నే. ఇక మన దగ్గర అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇప్పటికే తక్కువ తింటున్న మనిషి గిన్నెలో నీళ్లు ఎక్కువున్న కూర పెడితే ఇల్లు ఆరోగ్యంగా మారినట్టు కాదు.

అందుకే నా పద్దులో మూడో గడి గీశాను, ఎవరు ఏం తిన్నారన్నది. అమ్మలూ, అక్కలూ, మీ ఇంట్లోనూ ఒక్క వారం రాసి చూడండి. పల్లీలు, పప్పు, పెరుగు, మొలకలు ఇంట్లో ఎవరి గిన్నెలోకి ఎంత వెళ్లాయో, మీ గిన్నెలోకి ఎంత వచ్చిందో. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఉన్న ఇంట్లో దయచేసి పొయ్యి ఆర్పకండి.